బొగ్గు గుట్ట కొలవడానికి ఎన్ని గంటలు?

మార్చి 31న ఉక్కు కర్మాగారంలో ఆడిట్ పని ముడిసరుకు యార్డులో మొదలవుతుంది. అక్కడ కోకింగ్ బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి గుట్టలుగా పోసి ఉంటాయి. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతుంటారు కాబట్టి బూట్లకు నల్లటి బురద అంటుకుంటుంది. బస్తాలైతే లెక్కపెట్టవచ్చు, డ్రమ్ములైతే లెక్కపెట్టవచ్చు. గుట్టను ఎలా లెక్కపెట్టాలి? సర్వే పరికరంతోనో డ్రోన్‌తోనో దాని ఆకారం కొలిచి, ఘనపరిమాణం కట్టి, బొగ్గు సాంద్రతతో హెచ్చవేసి, తేమ శాతం తీసేస్తే టన్నులు తేలతాయి. పైన వదులుగా ఉన్న బొగ్గుకూ, అడుగున బరువుకు అణిగిపోయిన బొగ్గుకూ సాంద్రత ఒకటి కాదు. నమూనా ఏ మూల నుంచి తీశారన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది.

ఒక గుట్టలో లక్ష టన్నుల బొగ్గు ఉందని, టన్ను రూ.20 వేలని అనుకుందాం. విలువ రూ.200 కోట్లు. కొలతలో మూడు శాతం తేడా వస్తే రూ.6 కోట్లు. అది నేరుగా లాభనష్టాల ఖాతాలో తేలుతుంది. ఆడిటర్ తరఫున వచ్చిన మనిషి, చాలాసార్లు ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రాడో అమ్మాయో, ఆ గుట్ట దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, నమూనా ఎక్కడ తీయించారు, రిజిస్టరులోని అంకెను దేనితో సరిచూశారు అన్నదే అసలు ఆడిట్. ఆ గంటలకు చెల్లించే డబ్బే ఆడిట్ ఫీజు. నిబంధనలు పెరిగే కొద్దీ ఆడిట్ ఖర్చు తడిసి మోపెడవుతోందని కంపెనీలు పదేళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ఆ మొరలో నిజముంది. అయితే పెరిగిన ఖర్చు గుట్ట దాకా వస్తోందా, కాగితాల దగ్గరే ఆగిపోతోందా అన్నది ఇంకా తేలని ప్రశ్న.

ఈ ప్రశ్న వేసుకోవడానికి విశాఖపట్నం కంటే తగిన ఊరు దొరకడం కష్టం. స్టాక్ మార్కెట్‌లో లేని భారీ ప్రభుత్వ సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్, అంటే విశాఖ ఉక్కు, ఇక్కడే ఉంది. 1933 నుంచి నౌకలు చూస్తున్న పోర్టు లెక్కలను కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, స్వయంగా తనిఖీ చేస్తుంది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, ముంబయి కేంద్రంగా నడిచే నమోదిత ప్రభుత్వ కంపెనీలో భాగం. రక్షణ శాఖ కింద హిందుస్థాన్ షిప్‌యార్డ్. 2019లో విశాఖ సహా నాలుగు పోర్టులు కలిసి కేంద్రం వాటా కొనుక్కున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్. 2021లో అదానీ పోర్ట్స్ చేతికి వెళ్లిన గంగవరం పోర్టు. వీటి చుట్టూ రొయ్యల ఎగుమతిదారులు, గోదాముల యజమానులు, క్లియరింగ్ ఏజెంట్లు, లారీల కంపెనీలు. ఒకే చట్టం వీళ్లలో ఒక్కొక్కరి మీద ఒక్కో బరువుతో పడుతుంది.

చట్టం ఇంత బరువెక్కడానికి కారణం తెలుగువాళ్లకు బాగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి.రామలింగరాజు రాసిన లేఖ దేశాన్ని కుదిపేసింది. పుస్తకాల్లో రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపిస్తే, అందులో రూ.5,040 కోట్లు లేనే లేవు. సత్యం షేర్లు అప్పటికే దాదాపు ఎనిమిదేళ్లుగా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయి. ఎన్రాన్ పతనం తర్వాత 2002లో అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం హైదరాబాద్ కంపెనీకీ వర్తించింది. అంతర్గత నియంత్రణలు సరిగా ఉన్నాయని యాజమాన్యం, ఆడిటర్ ఇద్దరూ చెప్పాల్సిన చట్టమది. ఖర్చు పెట్టారు, ధ్రువపత్రాలు ఇచ్చారు, డబ్బు మాత్రం బ్యాంకులో లేదు.

ఎక్కడ తప్పారు? 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు, సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలపై తేల్చిన విషయం చాలా చిన్నది. ఖాతాలో ఎంతుందో ధ్రువీకరించమని ఆడిటర్ నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. ఆడిట్ ఓనమాలలో మొదటి అక్షరం ఇది. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం సత్యం యాజమాన్యం చేతికే వదిలేశారు. ఎవరి లెక్క తనిఖీ చేయాలో వాళ్లే తనిఖీ కాగితం తెచ్చి ఇచ్చారు. ఆ లోపానికి సంస్థలు అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ పర్యవేక్షణ బోర్డుకు 15 లక్షల డాలర్లు కట్టాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతోపాటు శిక్ష వేసినవారిలో ఇద్దరు మాజీ ఆడిటర్లూ ఉన్నారు.

అంత పెద్ద మోసాన్ని పట్టివ్వగలిగిన తనిఖీకి అయ్యే ఖర్చు ఒక తపాలా బిళ్ల, ఒక గుమస్తా అరపూట. ఆడిట్ ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు. వందల గంటల పని చేసి, ఆ ఒక్క అరపూట పని వదిలేయవచ్చు. వదిలేసినా ఫైలు లావుగానే కనిపిస్తుంది.

అమెరికా అనుభవంలో నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టంలో అంతర్గత నియంత్రణల గురించిన 404వ సెక్షన్ అమలుకు యాజమాన్యం తరఫున కంపెనీకి సగటున 91 వేల డాలర్లు అవుతుందని 2003లో ఎస్ఈసీ అంచనా వేసింది. ఆడిటర్ ఫీజు ఇందులో లేదు. తీరా చూస్తే పెద్ద కంపెనీలకు ఖర్చు పదుల లక్షల డాలర్లకు చేరింది. ఆడిటర్లు ఎక్కడ ప్రమాదముందో చూడకుండా, ఉన్న ప్రతి నియంత్రణనూ పరీక్షించుకుంటూ పోవడమే కారణం. 2007లో వాళ్లు పాటించిన ఆడిట్ ప్రమాణాన్ని తీసేసి, ముప్పు ఎక్కువున్న చోటే లోతుగా చూడమని కొత్తది తెచ్చారు. 2010లో చిన్న నమోదిత కంపెనీలకు ఆడిటర్ ధ్రువీకరణ నుంచే శాశ్వతంగా మినహాయింపు ఇచ్చారు. చట్టం చాలావరకు అలాగే ఉంది. ఎక్కడ చూడాలో చెప్పిన తీరు మారింది, ఖర్చూ మారింది.

మన దేశంలో సత్యం తర్వాత కంపెనీల చట్టం 2013 వచ్చింది. నమోదిత కంపెనీల్లో, నిర్ణీత స్థాయి దాటిన ఇతర కంపెనీల్లో ఆడిట్ సంస్థ ఐదేళ్ల చొప్పున రెండు దఫాలకు మించి కొనసాగకూడదు. అంతర్గత ఆర్థిక నియంత్రణలపై ఆడిటర్ అభిప్రాయం చెప్పాలి. పెద్ద మోసం కనిపిస్తే ప్రభుత్వానికి తెలపాలి. 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ఇండ్‌ఏఎస్ అకౌంటింగ్ ప్రమాణాలకు మారాయి. 2018 ఏప్రిల్ నుంచి నమోదిత కంపెనీల ఆడిట్ నివేదికలో కీలక అంశాలను విడిగా వివరించాల్సి వచ్చింది. ఆడిటర్ నివేదికలో ఏమేం చెప్పాలో నిర్దేశించే ఆదేశం కారో 2020, పాత 16 అంశాల చోట 21 అంశాలు అడిగింది. 2018 అక్టోబరు 1న ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ, అంటే జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ, పుట్టింది. సరిగ్గా అదే రోజు కేంద్రం మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్‌ఎఫ్‌ఎస్ బోర్డును తొలగించింది. ఇక్కడా ఒక తెలుగు ముడి ఉంది. సత్యం కూలినప్పుడు రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ఇన్‌ఫ్రాను ఆదుకోవడానికి ముందుకొచ్చిన సంస్థ ఆ ఐఎల్‌ఎఫ్‌ఎస్సే. తొమ్మిదేళ్లకు సుమారు రూ.91 వేల కోట్ల అప్పుతో అదే కుప్పకూలింది. చేతులు కాలిన ప్రతిసారీ ఒక కొత్త నిబంధన చేరింది, పాతవి చాలావరకు అలాగే ఉన్నాయి.

ఇండ్‌ఏఎస్ పేరు వినగానే సామాన్య పాఠకుడికి ఏదో దూరపు సంగతిలా అనిపిస్తుంది. విశాఖ వంటి పోర్టు ఊళ్లో అది ఇంటి సంగతి. 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన లీజుల ప్రమాణాన్నే చూడండి. అంతకుముందు పోర్టు స్థలం ముప్పై ఏళ్లకు లీజుకు తీసుకుని ట్యాంకులు కట్టుకున్న కంపెనీ, ఏటా కట్టే అద్దెను ఖర్చుగా రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆ ముప్పై ఏళ్ల అద్దెల్ని నేటి విలువకు లెక్కగట్టి, ఒకవైపు ఆస్తిగా, మరోవైపు అప్పుగా చూపాలి. ఏ వడ్డీ రేటు వాడాలి? లీజు పొడిగిస్తారా? పోర్టు అద్దెలు సవరిస్తే ఏం చేయాలి? అద్దెకు తెచ్చుకున్న క్రేను, గోదాము, నౌక, అన్నింటికీ ఇదే వరస. ఒప్పందం ఒప్పందం విడివిడిగా చదవాలి. చదివింది ఫైలులో రాసి పెట్టాలి, ఎందుకంటే రేపు ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ అడిగితే రాతలో లేని పని చేయని పని కిందే లెక్క. ఈ గంటలన్నీ నిజమైన గంటలు. వీటికి ఫీజు అడగడంలో అన్యాయం లేదు. వీటివల్ల దాగి ఉన్న అప్పులు బయటపడ్డాయి, అది వాటాదారుకు జరిగిన మేలు.

ఫీజు ఎవరు నిర్ణయిస్తున్నారన్న చోటే చిక్కంతా ఉంది. ఉక్కు కర్మాగారం వంటి ప్రభుత్వ కంపెనీకి ఆడిటర్‌ను కాగ్ నియమిస్తుంది. ఫీజు మాత్రం కంపెనీ సర్వసభ్య సమావేశం నిర్ణయించాలి. చాలాచోట్ల సమావేశం ఆ అధికారాన్ని బోర్డుకు అప్పగిస్తుంది. ఆడిటర్ నివేదిక వచ్చాక కాగ్ మళ్లీ అనుబంధ తనిఖీ చేయవచ్చు, ఫలానా అంశాలు చూడమని ముందే ఆదేశాలివ్వవచ్చు. పని ఎంతో చెప్పేది ఒకరు, డబ్బు ఎంతో చెప్పేది ఇంకొకరు. మధ్యలో ఉన్న ఆడిట్ సంస్థకు బేరమాడే చోటు లేదు. కాగ్ జాబితాలో ఉండటం గౌరవం, అనుభవం కాబట్టి ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక గంటల్ని ఫీజుకు సరిపెట్టుకోవాల్సి వస్తుంది. మొదట కోత పడేది యార్డులో నిలబడాల్సిన గంటలకే అన్న భయం నిరాధారమైంది కాదు.

ఆ కోత ఎలాంటి సమయంలో పడుతుందో విశాఖ ఉక్కు లెక్కలే చెబుతాయి. 2021-22లో రూ.913 కోట్ల లాభం చూసిన సంస్థ, 2022-23లో రూ.2,859 కోట్లు, 2023-24లో రూ.4,849 కోట్లు నష్టపోయింది. 2024 మార్చి 31 నాటికి నికర విలువ మైనస్ రూ.4,538 కోట్లు. ఏడాదిలోపు తీర్చాల్సిన బాధ్యతలు రూ.26,115 కోట్లు ఉంటే, చేతిలోని స్వల్పకాలిక ఆస్తులు రూ.7,686 కోట్లు. మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులు 2024లో వచ్చాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం తీసుకున్న నూరు శాతం అమ్మకం నిర్ణయం నీడ ఉండనే ఉంది. 2025 జనవరి 17న కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో రూ.10,300 కోట్లు ఈక్విటీ, రూ.1,140 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ అప్పును ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చడం.

ఇలాంటి కంపెనీ వచ్చే పన్నెండు నెలలు నడుస్తుందా లేదా అని ఆడిటర్ తేల్చి చెప్పాలి. నడిచే సంస్థగా లెక్కలు రాయడం ఒక పద్ధతి, మూసేసే సంస్థగా రాయడం పూర్తిగా వేరే పద్ధతి. దానికోసం మంత్రిత్వ శాఖ ఉత్తరాలు చదవాలి, బ్యాంకుల మంజూరు పత్రాలు చూడాలి, బొగ్గు కొనడానికి నగదు ఎక్కడ నుంచి వస్తుందో నెలవారీ అంచనా వేయించాలి. దాదాపు 20 వేల ఎకరాల భూమి పుస్తకాల్లో ఏ ధరకు ఉందో, పాత నష్టాలపై భవిష్యత్తులో పన్ను ఆదా అవుతుందని చూపిన ఆస్తిని ఇంకా ఉంచవచ్చో లేదో తేల్చాలి. కంపెనీ చేతిలో డబ్బు లేని ఏడాదే ఆడిట్‌కు ఎక్కువ గంటలు కావాలి. జీతాల కోసం తడుముకుంటున్న సంస్థలో ఆడిట్ ఫీజు పెంచుదామని బోర్డులో అనగలవారు తక్కువ. నిబంధన మాత్రం లాభాల ఏడాదిలోనూ నష్టాల ఏడాదిలోనూ ఒకేలా ఉంటుంది. వేలాది మంది ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, నిర్వాసిత కుటుంబాలు ఆధారపడిన కంపెనీ విషయంలో ఈ గంటల్ని ఆదా చేయడం తప్పు.

ప్రైవేటు కంపెనీల సంగతి వేరు. అక్కడ ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు నిర్ణయించేదీ వాటాదారులే, అంటే సాధారణంగా ప్రమోటరే. పదేళ్లకోసారి ఆడిట్ సంస్థ మారాలన్న నిబంధన 2017లో ఒక్కసారిగా వందల కంపెనీలను తాకింది. కొత్తగా వచ్చిన ఆడిటర్‌కు మొదటి ఏడాది పని రెట్టింపు. పాత బ్యాలెన్స్‌లు సరిచూసుకోవాలి, గోదాములు తెలుసుకోవాలి, ఎవరు ఏ సంతకం పెడతారో నేర్చుకోవాలి. న్యాయంగా అయితే ఆ ఏడాది ఫీజు పెరగాలి. చాలాచోట్ల కొటేషన్లు పిలిచి తక్కువ చెప్పినవారికి ఇచ్చారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ సిఫార్సు చేసిన ఫీజుల పట్టిక ఉంది కానీ అది సిఫార్సు మాత్రమే. సిమెంటు బస్తాలు కొన్నట్టు ఆడిట్ కొంటే దొరికేది సంతకం, తనిఖీ దొరకదు.

ఇక చిన్న కంపెనీల దగ్గరికి వస్తే పిచ్చుకపై బ్రహ్మాస్త్రం అన్న మాట గుర్తొస్తుంది. ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 2017 జూన్‌లోనే, రూ.50 కోట్ల లోపు టర్నోవర్, రూ.25 కోట్ల లోపు అప్పు ఉన్న ప్రైవేటు కంపెనీలకు అంతర్గత నియంత్రణలపై ఆడిటర్ నివేదిక అక్కర్లేదని మినహాయించింది. మంచి నిర్ణయం. కానీ అప్పు షరతులో ఒక మాట ఉంది: ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా రూ.25 కోట్లు మించకూడదు. విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక మధ్యస్థాయి కంపెనీని ఊహించండి. పంట చేతికొచ్చే నెలల్లో రైతులకు వెంటనే డబ్బు కట్టాలి, సరుకు శుభ్రం చేసి కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి, ఓడ ఎక్కించాలి, అవతలి దేశం నుంచి సొమ్ము రావడానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలం బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్ మీదే నడుస్తుంది. అప్పు ఆరు వారాలు గీత దాటి మళ్లీ కిందికి దిగినా, ఆ ఏడాదికి మినహాయింపు పోతుంది. కంపెనీ పెద్దదవలేదు, సీజన్ వచ్చిందంతే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పటిలా సరుకు కదలక నిల్వలు పేరుకుంటే ఇలాంటి అప్పు ఇంకా ఎక్కువ రోజులు నిలబడుతుంది. ఏడాది సగటు అప్పును కొలబద్దగా పెడితే ఈ తిప్పలు తప్పుతాయి. కలం పోటుతో సరిదిద్దగలిగిన మార్పిది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆడిట్ ట్రయల్ నిబంధన కథ కొంచెం భిన్నం. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక వోచర్‌ను సవరిస్తే పాత అంకె, కొత్త అంకె, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నీ నమోదు కావాలి. ఆ సదుపాయాన్ని ఏడాది పొడవునా ఆపకుండా నడిపారో లేదో ఆడిటర్ నివేదికలో రాయాలి. నిజానికి 2021 ఏప్రిల్‌లోనే రావాల్సిన నిబంధన, కంపెనీలు సిద్ధంగా లేవని రెండుసార్లు వాయిదా పడింది. ఇలాంటి నిబంధన ఎంత అవసరమో చెప్పడానికి సెప్టెంబరు నెలలో ఏ ఆఫీసుకైనా వెళితే చాలు. మార్చి తేదీతో సెప్టెంబరులో వోచర్లు పడటం మామూలే అనుకునే రోజులు నిన్నమొన్నటివి. ఇప్పుడు ఆ తెర మీద ‘మార్చిన తేదీ’ గడి పక్కనే కనిపిస్తుంది. పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసుకు ఖర్చు ఎక్కడ పడుతుందంటే, బిల్లింగ్ ఒక సాఫ్ట్‌వేర్‌లో, జీతాలు ఇంకొక దానిలో, కంటైనర్ల లెక్క ఎక్సెల్‌లో ఉన్నప్పుడు. వాటిలో ఏవి ఖాతా పుస్తకాల కిందికి వస్తాయో, ఒక్కోదానిలో లాగ్ ఉందో లేదో చూడాలి. నలుగురు ఉద్యోగులున్న ఆఫీసుకు ఇది భారమే. అయినా ఈ భారం ఒకసారి మోస్తే తీరిపోయేది. సాఫ్ట్‌వేర్ ఒకటి చేసుకున్నాక తర్వాతి ఏళ్లలో ఆడిట్ సులువవుతుంది.

దాదాపు ఖర్చు లేకుండా ఫలితమిచ్చిన నిబంధన కూడా ఒకటుంది. 2019 జులై నుంచి ప్రతి ఆడిట్ నివేదికకూ ఐసీఏఐ పోర్టల్‌లో 18 అక్షరాంకెల యూడీఐఎన్ సంఖ్య తీయాలి. సంతకం పెట్టింది నిజంగా చార్టర్డ్ అకౌంటెంటేనా అని బ్యాంకు మేనేజరు నిమిషంలో చూసుకోవచ్చు. దొంగ సంతకాలతో అప్పులు తీసుకునే పాత దారి దీనితో ఇరుకైంది. అలాగే 2020-21 నుంచి జీఎస్టీ వార్షిక సరిపోలిక పత్రానికి ఆడిటర్ సర్టిఫికెట్ తీసేసి, కంపెనీయే స్వయంగా ధ్రువీకరిస్తే చాలన్నారు. రెండూ చెప్పేది ఒకటే: నియంత్రణ పెంచితే ఖర్చు పెరిగి తీరాలని రాసిపెట్టి లేదు.

ఖర్చు పెరగడానికి నిబంధనలతో సంబంధం లేని కారణమూ ఉంది, దాన్ని కంపెనీలు గమనించడం లేదు. మన దేశంలో ఆడిట్ చవకగా నడిచిందంటే ఆర్టికల్స్ చేసే విద్యార్థుల భుజాల మీద నడిచింది. మూడేళ్లపాటు కొద్దిపాటి స్టైపెండ్‌తో వోచర్లు చూసిందీ, గోదాముల్లో నిల్వలు లెక్కపెట్టిందీ వాళ్లే. విశాఖ ద్వారకానగర్ వీధుల్లోని ఆఫీసుల్లో సెప్టెంబరు నెలలో రాత్రి పదింటికి దీపాలు వెలుగుతుంటే లోపల ఉండేది ఎక్కువగా వాళ్లే. 2023 జులై నుంచి ఐసీఏఐ కొత్త విధానంలో శిక్షణ రెండేళ్లకు తగ్గింది. విద్యార్థులకు మంచిదే. ఆడిట్ సంస్థకు మాత్రం బాగా పని నేర్చిన మూడో ఏడాది మనిషి లేకుండా పోయాడు. ఆ చోట జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి. ఒకపక్క 21 అంశాల కారో, మరోపక్క తగ్గిన చేతులు. ఫీజు మారకపోతే ఎక్కడో ఒకచోట పని కుంచించుకుపోతుంది.

గంగవరం పోర్టు మాతృసంస్థ అదానీ పోర్ట్స్‌లో 2023 ఆగస్టులో జరిగింది ఈ చర్చకు ఇంకో ముఖం. డెలాయిట్ ఆడిట్ బాధ్యత నుంచి తప్పుకుంది. గ్రూపులోని ఇతర నమోదిత కంపెనీల ఆడిట్ తమ చేతిలో లేకపోవడాన్ని కారణాల్లో ఒకటిగా చెప్పింది. ఆ కారణం సరిపోదని కంపెనీ ఆడిట్ కమిటీ అంది. ఎవరిది ఒప్పన్నది ఇక్కడ విషయం కాదు. ఒక గ్రూపులో పదుల కంపెనీలు, పదుల ఆడిటర్లు ఉన్నప్పుడు పైనున్న ఆడిటర్ కిందివాళ్ల పనిని ఎంతవరకు నమ్మవచ్చన్నది విషయం. 2024లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఆ ప్రమాణాన్ని బిగించి, గ్రూపు ఆడిటర్‌కే పూర్తి బాధ్యత ఉండేలా ప్రతిపాదించింది. చిన్న ఆడిట్ సంస్థలు పని కోల్పోతాయని ఐసీఏఐ వ్యతిరేకించింది. రెండువైపులా న్యాయముంది. పైవాడు కిందివాడి పనిని మళ్లీ చేయిస్తే గ్రూపు ఖర్చు పెరుగుతుంది. ఆ పనే పైవాడి చేతికి వెళితే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఉన్న మధ్యస్థాయి సంస్థలు నలిగిపోతాయి. పోర్టు యార్డులో ఏ గుట్ట ఎవరిదో తెలిసినది మాత్రం ఆ స్థానిక సంస్థలకే. ఆ తెలివిని పోగొట్టుకుని పెద్ద పేరు కొనుక్కోవడం లాభసాటి బేరంగా కనిపించదు.

ఓడల తయారీ ఊరికి పనికొచ్చే అనుభవం దక్షిణ కొరియాలో ఉంది. అక్కడి దేవూ షిప్‌బిల్డింగ్ సంస్థ, సగం కట్టిన ఓడల మీద ముందే లాభాలు చూపించి వేల కోట్ల రూపాయలకు సమానమైన నష్టాల్ని దాచింది. ఓడ కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఎంత శాతం పూర్తయిందన్న అంచనా మీదే ఆదాయం రాసుకుంటారు. ఆ శాతాన్ని కొంచెం పెంచితే లాభం పెరుగుతుంది. బొగ్గు గుట్ట సాంద్రత వంటిదే ఇదీ. ఆ మోసం బయటపడ్డాక కొరియా చట్టాన్ని సవరించి, 2018 నవంబరు నుంచి ప్రామాణిక ఆడిట్ గంటల విధానం తెచ్చింది. కంపెనీ పరిమాణం, రంగాన్నిబట్టి ఆడిట్‌కు కనీసం ఇన్ని గంటలు పట్టాలన్న లెక్క అది. ఆరేళ్లు కంపెనీ ఇష్టప్రకారం, తర్వాత మూడేళ్లు నియంత్రణ సంస్థ నియమించిన ఆడిటర్ అన్న పద్ధతీ పెట్టింది. ఫీజులు పెరిగాయి, కంపెనీలు గగ్గోలు పెట్టాయి, 2023లో చిన్న కంపెనీలకు కొన్ని సడలింపులు ఇవ్వాల్సి వచ్చింది. అయితే అక్కడి వార్షిక నివేదిక తెరిస్తే ఫీజు పక్కనే ఆడిట్‌కు పట్టిన గంటలు కనిపిస్తాయి. ఫీజు పెరిగితే పని పెరిగిందా లేదా అని వాటాదారు అడగవచ్చు. ఫీజు తగ్గితే ఏ పని తగ్గిందనీ అడగవచ్చు.

మన వార్షిక నివేదికలో ఆ గడి లేదు. కంపెనీల చట్టం షెడ్యూల్ మూడు ప్రకారం ఆడిటర్‌కు ఎంత చెల్లించారో చెప్పే చిన్న పట్టిక ఉంటుంది: ఆడిట్‌కు ఇంత, పన్ను పనులకు ఇంత, ఇతర సేవలకు ఇంత, ప్రయాణ ఖర్చులు ఇంత. వందల పేజీల నివేదికలో ఏదో ఒక మూల నాలుగైదు వరుసలు. దాని కింద మరో వరుస చేర్చితే చాలు: మొత్తం గంటలు, అందులో కర్మాగారంలో, గోదాముల్లో గడిపినవి ఎన్ని. ఆడిట్ సంస్థల దగ్గర ఈ లెక్క లేకపోదు, ఎవరు ఎక్కడ ఎన్ని రోజులు పనిచేశారో రాసుకోకుండా ఆఫీసు నడవదు. బయటపెట్టడానికి కొత్తగా అయ్యే ఖర్చు స్వల్పం. ప్రభుత్వ కంపెనీల విషయంలో కాగ్ నియామక పత్రంలోనే అంచనా గంటలు చెప్పి, వాటికి తగ్గ కనీస ఫీజు సూచించవచ్చు. అప్పుడు పని చెప్పేవారికీ డబ్బిచ్చేవారికీ మధ్య ఉన్న అగాధం కొంతైనా పూడుతుంది.

మార్చితో ఏడాది ముగించే కంపెనీలు సెప్టెంబరు 30లోగా సర్వసభ్య సమావేశం పెట్టాలి. అజెండాలో ఆడిటర్ల ఫీజు అంశం సాధారణంగా చివరి వరుసల్లో ఉంటుంది, చేతులెత్తి ఆమోదించేస్తారు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌లో నూరు షేర్లున్న విశాఖ పింఛనుదారుడికైనా అక్కడ లేచి ప్రశ్న వేసే హక్కుంది. మార్చి 31న డ్రెడ్జర్ల మీదికెక్కి విడిభాగాల నిల్వ చూసినవారెవరు, ఎన్ని గంటలు చూశారు అని అడగవచ్చు. జవాబు వచ్చేదాకా ఫీజు ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు.